నలభై నాలుగో నిమిషం

మా ప్రిన్సిపాలు త్రినాథమూర్తి గారు ఆరు రోజుల శిక్షణకు వెళ్ళి వచ్చిన మర్నాడే, మా కాలేజీలో పాఠం ఎప్పుడు అర్థం కావాలో నిర్ణయమైపోయింది. నలభై నాలుగో నిమిషంలో.

అంతకు ముందు పాఠం ఎప్పుడు పడితే అప్పుడు అర్థమయ్యేది. కొందరికి పీరియడు మొదట్లో, కొందరికి చివర్లో, కొందరికి పరీక్ష ముందు రోజు, మరికొందరికి పెళ్ళయి పిల్లలు పుట్టాక. ఇన్నేళ్ళుగా దీని మీద ఎవరికీ అదుపు లేకపోయిందని ప్రిన్సిపాలు గారు స్టాఫ్ మీటింగులో చాలా బాధపడ్డారు.

నేను ఆ కాలేజీలో ఫిజిక్స్ లాబ్ అటెండర్ని. పేరు తాతబ్బాయి. పదో తరగతి పాసయ్యాను. ఇరవై ఆరేళ్ళుగా కటకాలు తుడవడం, లోలకాలు చిక్కుపడకుండా బీరువాలో వేలాడదీయడం నా పని. ఆ రోజు మీటింగుకి టీలు పట్టుకెళ్ళి, గోడ వారగా నిలబడి అంతా విన్నాను.

"బోధన అనేది ఒక సంఘటన కాదు. అది ఒక నిర్వహిత ప్రక్రియ. ప్రణాళిక లేని పాఠం పాఠమే కాదు, కేవలం మాట్లాడడం," అన్నారు ప్రిన్సిపాలు గారు.

అని ఒక కొత్త ఫారం అందరికీ పంచారు. యాభై నిమిషాల పీరియడుకు యాభై గడులు. ప్రతి గడిలోనూ అధ్యాపకుడు ఏం అనాలి, విద్యార్థులు ఏం చెయ్యాలి అన్నది ముందుగా రాయాలి. కొన్ని గడులు అచ్చులోనే నింపేసి ఉన్నాయి. ఇరవై ఒకటో నిమిషం, లఘు హాస్యం. ముప్పై ఎనిమిదో నిమిషం, విద్యార్థి సందేహం వెలిబుచ్చుట. పక్కన రోల్ నంబరుకు చోటు. ముప్పై తొమ్మిది నుంచి నలభై మూడు వరకు, సందేహ నివృత్తి. నలభై నాలుగు, విద్యార్థులకు విషయము అవగతమగుట.

కామర్సు చెప్పే సోమేశ్వరం గారు చెయ్యెత్తారు. "సందేహం ఏ కుర్రాడికి వస్తుందో మనకు ముందుగా ఎలా తెలుస్తుందండీ?"

"తెలియదు కాబట్టే ప్రణాళిక అంటున్నాం," అన్నారు ప్రిన్సిపాలు గారు. "తెలిస్తే ప్రణాళిక ఎందుకు?"

ఫిజిక్సు చెప్పే హైమావతి మేడమ్ నెమ్మదిగా అడిగారు. "ఎవరికైనా నలభై నాలుగు కంటే ముందే అర్థమైపోతేనండీ?"

"అది మీ లోపం అవుతుందమ్మా. అవసరాన్ని మించి స్పష్టంగా చెబుతున్నారన్న మాట."

ఫారంలో లేనిది ఏది జరిగినా దాన్ని విచలనం అనాలట. ఒక్కో గడికి రెండు శాతం. సగటు విచలనం అయిదు శాతం దాటిన కాంట్రాక్టు అధ్యాపకుల పునర్నియామకం పరిశీలించబడదని ఫారం కింద చిన్న అక్షరాలతో ఉంది. మా కాలేజీలో కాంట్రాక్టు మీద మిగిలింది హైమావతి మేడమ్ ఒక్కరే. పదకొండేళ్ళుగా ఏటేటా కాగితం మారుతూ ఉంటుంది, ఆవిడ మాత్రం అదే బ్లాక్‌బోర్డు దగ్గర ఉంటారు. ఆ వాక్యం చదివి ఆవిడ టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నారు. టీ చల్లారిపోయింది.

"అమలు ఎవరు చూస్తారండి?" అని సోమేశ్వరం గారు మళ్ళీ అడిగారు.

ప్రిన్సిపాలు గారు గది అంతా కలయజూసి నా దగ్గర ఆగారు. "ఏమయ్యా తాతబ్బాయ్, నీకు ఫిజిక్సు వచ్చా?"

"ఆయ్, రాదండి."

"చూశారా. విషయం తెలియనివాడే నిష్పక్షపాతంగా ఉండగలడు. ఇవాళ్టి నుంచి అటెండర్లందరూ కాలపరిశీలకులు."

నాకో అట్ట, ఎర్ర పెన్ను, బల్ల మీద పెట్టుకునే గడియారం ఇచ్చారు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మా ఆవిడ వీరవేణికి ఇదంతా చెప్పాను. ఆవిడ పూజగదిలో కుందులు తోముతోంది.

"బానే ఉంది కదండీ. మనం మాత్రం పూజకు ముందు సంకల్పం చెప్పుకోమా?" అంది.

నేనూ అదే అనుకున్నాను. ఏ చోట, ఏ రోజున, ఏం కోరి చేస్తున్నామో చెప్పుకున్నాకే పూజ మొదలుపెడతాం. అయితే స్వామి ఎన్నో నిమిషానికి కరుణించాలో సంకల్పంలో చెప్పుకోవడం నేనెక్కడా వినలేదు. పెద్దలు మరిచిపోయారేమో తెలియదు.

మొదటి రోజు పాఠం బాష్పీభవనం. ఆఖరి బెంచీ చివర గడియారం పెట్టుకుని కూర్చున్నాను. మేడమ్ మొదటి గడి ప్రకారం అభివాదం చేశారు. రెండు నుంచి అయిదు గడుల్లో నిన్నటి పాఠం గుర్తుచేశారు. ఆరు నుంచి అసలు సంగతిలోకి వచ్చారు. నీళ్ళు ఆవిరి కావాలంటే వేడి కావాలి, ఆ వేడిని చుట్టుపక్కల నుంచే లాక్కుంటాయి, అందుకే తడి గుడ్డ చల్లగా ఉంటుందని చెబుతున్నారు. పన్నెండో నిమిషంలో మూడో బెంచీలోంచి ఒకమ్మాయి "ఓహో, అందుకా" అంది.

నేను గడియారం చూశాను. ఎర్ర పెన్ను మూత తీశాను. అకాల అవగాహన, రోల్ నంబరు ముప్పై ఒకటి, నూకరత్నం.

పదమూడో నిమిషంలో ఆ పిల్లే లేచి నిలబడింది. "మేడమ్, మా నాన్న కుండలు చేత్తాడండి. ఎండాకాలం కుండలో నీళ్ళు చల్లగా ఉంటాయి కదండీ. మరి వానాకాలం అదే కుండలో అంత చల్లబడవెందుకండి? కొన్నోళ్ళు పట్టుకొచ్చి మా నాన్నని తిట్టిపోతన్నారండి, మట్టి బాలేదని. మా నాన్న కూడా మట్టిదే తప్పనుకుంటన్నాడండి."

మేడమ్ మొహం వెలిగింది. "మంచి ప్రశ్న," అన్నారు. సుద్దముక్క పట్టుకుని బోర్డు వైపు తిరిగారు. తిరిగినావిడ నా చేతిలో అట్ట చూసి ఆగిపోయారు.

"ముప్పై ఎనిమిదో నిమిషం నీది కాదమ్మా. కూర్చో," అన్నారు.

ఇరవై ఒకటో నిమిషంలో జోకు చెప్పారు. కమిటీ ఆమోదించిన జోకు ఒకటే కావడంతో అన్ని సబ్జెక్టులకూ అదే. పిల్లలు పొద్దుటి నుంచి మూడోసారి వింటున్నారు. నవ్వారు. ముప్పై ఎనిమిదో నిమిషంలో రోల్ నంబరు పదిహేడు, వెంకటకృష్ణ అనే కుర్రాడు, లేచి తనకు ముందే రాసిచ్చిన చీటీ చదివాడు. "అధ్యాపకురాలా, తడి వస్త్రము చల్లగానుండుటకు కారణమేమి?"

"ఇందాకే చెప్పారు కదరా," అని ఎవరో గొణిగారు.

"నాకూ తెల్సురా. అడగమన్నారు, అడిగేను," అన్నాడు వాడు కూర్చుంటూ.

బెల్లు కొట్టాక మేడమ్ నా దగ్గరకు వచ్చారు. నాలుగు గడులు తప్పాయి. ఒక అకాల అవగాహన, ఒక అకాల సందేహం, 'మంచి ప్రశ్న' అన్నందుకు ఒకటి, 'కూర్చో' అన్నందుకు ఒకటి. ఎనిమిది శాతం. రాయడానికి నాకు చెయ్యి రాలేదు. అలాగని దీపం పెట్టుకుని వచ్చిన చేత్తో జరిగింది జరగలేదని ఎలా రాస్తాను?

"రాసెయ్యండి తాతబ్బాయి గారూ. జరిగిందేగా," అన్నారు మేడమ్.

నూకరత్నం ఊరుకునే పిల్ల కాదు. ప్రణాళికలో లేని సందేహాలకు ఒక దరఖాస్తు ఉందని తెలుసుకుని మూడు ప్రతుల్లో రాసిచ్చింది. పద్దెనిమిది రోజులకు సందేహాల ఉపసంఘం నుంచి జవాబు వచ్చింది. నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. 'మీ సందేహమునందు పేర్కొనబడిన వానాకాలము సదరు సెమిస్టరు సిలబస్సులో చేర్చబడియుండలేదు. ఎండాకాలము సెలవులయందు వచ్చును గనుక అదియును పరిగణింపబడదు. కావున మీ సందేహము పరిష్కరింపబడినట్లుగా భావించి ముగించడమైనది.'

ఆ పిల్ల రెండుసార్లు చదివింది. "బాబాయ్, ఇందులో కుండ మాటే లేదు కదా," అంది.

"ముగించామన్నారు కదమ్మా," అన్నాను. మా ఇంట్లోనూ కుండే వాడతాం. ఆ వారంలో నీళ్ళు తాగినప్పుడల్లా నాకూ ఆ ప్రశ్నే గుర్తొచ్చేది.

ఇలా ఉండగా సోమేశ్వరం గారు విచలనం సున్నా సాధించారు. ఆ రోజు క్రికెట్ ఫైనలు ఉండడంతో కామర్సు క్లాసుకు ఒక్కరూ రాలేదు. ఆయన ఖాళీ బెంచీలకు అభివాదం చేసి, జోకు చెప్పి, ముప్పై ఎనిమిదో నిమిషంలో రెండో బెంచీ మీద పెట్టిన చీటీని తానే చదివి, అయిదు నిమిషాల్లో సందేహం తీర్చి, నలభై నాలుగో నిమిషంలో అర్థమైందా అని అడిగారు. ఎవరూ కాదనలేదు.

ప్రిన్సిపాలు గారు ఆయనకు శాలువా కప్పారు. "ఒక పాఠం ఎంత పరిశుద్ధంగా జరగగలదో సోమేశ్వరం గారు నిరూపించారు," అన్నారు. సోమేశ్వరం గారు శాలువా సర్దుకుంటూ నేల చూపులు చూశారు. దీని మీద మూలకారణ విశ్లేషణ జరిగింది. కాలేజీలో జరుగుతున్న విచలనాల్లో నూటికి తొంభై నాలుగు విద్యార్థుల వల్లే జరుగుతున్నాయని తేలింది.

తేలాక ఊరుకుంటే బాగుండదు కదా. ఒక్కో క్లాసుకు పన్నెండు మందిని ఎంపిక చేసి, వాళ్ళకు ఎప్పుడు అర్థం కావాలో శిక్షణ ఇచ్చారు. మిగిలిన వాళ్ళు సైకిల్ స్టాండులో కూర్చుని చదువుకోవాలి. దానికి స్వయం అభ్యసన మండపం అని బోర్డు రాయించారు. నూకరత్నం అక్కడికే వెళ్ళింది. సైకిళ్ళు ఎండలో పెట్టుకున్నారు.

కార్తీక మాసంలో పరిశీలన సంఘం వస్తున్నట్టు కబురు వచ్చింది. వాళ్ళ ముందు నమూనా పాఠం హైమావతి మేడమ్ చెప్పాలి. బాష్పీభవనమే. మా ఆఫీసు గుమాస్తా లెక్క వేసి చెప్పాడు. ఆ ఒక్క పాఠంలో విచలనం సున్నా వస్తే మేడమ్ సగటు అయిదు శాతానికి కాస్త దిగువకు వస్తుంది. ఒక్క గడి తప్పినా పైనే ఉండిపోతుంది.

పాఠానికి ముందు మేడమ్ లాబ్‌కు వచ్చి, తుడిచిన కటకాన్నే మళ్ళీ తుడుస్తూ నిలబడ్డారు.

"నాకు చెప్పడం వచ్చండీ తాతబ్బాయి గారూ. ఇంత వరకూ వచ్చనే అనుకున్నాను," అన్నారు. "మా అబ్బాయి అడుగుతున్నాడు, వచ్చే ఏడు కూడా అమ్మ ఇదే కాలేజీకి వెళ్తుందా అని. ఏ గడిలో రాయను దాన్ని?"

"అంతా మంచే జరుగుద్దండి," అన్నాను. గుళ్ళో చెప్పే మాట. ఆవిడకు ఎంతవరకు పనికొచ్చిందో తెలియదు.

పరిశీలన సంఘం వచ్చింది కార్తీక సోమవారం నాడు. నేను ఉపవాసం. పొద్దున్నే పూజ ముగించి, ఆ రోజు తప్పు రాయకూడదని ఫారం మొదటి నుంచి చివరిదాకా, వెనకవైపు నిబంధనలతో సహా, శ్రద్ధగా చదువుకున్నాను. రోజూ పూరించే కాగితమే గాని పూర్తిగా చదవడం అదే మొదటిసారి. 'విచలనము అనగా ప్రణాళికలో లేనిది పలుకుట లేక చేయుట' అని ఉంది. కింద రెండు నిలువు గడులు. ఒకటి అధ్యాపక విచలనము, రెండోది విద్యార్థి విచలనము. మూడోది లేదు.

సైకిల్ స్టాండు ముందు నుంచి వెళ్తుంటే నూకరత్నం అడ్డం వచ్చింది. "బాబాయ్, లోపల పాఠంలో ఎక్కడైనా కుండ మాట వత్తే విని చెప్పవా?"

"వింటానమ్మా."

క్లాసులో పరిశీలన సంఘం అధ్యక్షుడు, ఇద్దరు సభ్యులు, మా ప్రిన్సిపాలు గారు ముందు కుర్చీల్లో కూర్చున్నారు. అధ్యక్షుడి ముందు ఫారం నకలు ఉంది. మేడమ్ ప్రతి గడినీ గీత మీద నడిచినట్టు నడిపించారు. పన్నెండు మందిలో ఒక్కరికీ ముందుగా అర్థం కాలేదు. ఇరవై ఒకటో నిమిషంలో అందరూ నవ్వారు. అధ్యక్షుడు కూడా ఫారం చూసి నవ్వారు.

ముప్పై ఎనిమిదో నిమిషం వచ్చింది. వెంకటకృష్ణ లేచాడు. వాడి చీటీ పొద్దుటి నుంచీ అరచేతిలో నలిగి, చెమటకు తడిసి, అక్షరాలన్నీ అలుక్కుపోయాయి. వాడు దాన్ని ఇటూ అటూ తిప్పి చూశాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. రెండు నెలలుగా రోజుకు నాలుగు సందేహాలు అడిగినవాడు, చీటీ లేకపోయేసరికి ఒక్కటీ గుర్తులేక నిలబడిపోయాడు.

గడియారంలో పది సెకండ్లు గడిచాయి. ఇరవై. ప్రిన్సిపాలు గారు చేతిరుమాలు తీశారు. సందేహం లేకపోతే తర్వాతి అయిదు గడుల్లో దేన్ని తీర్చాలి? మేడమ్ సుద్దముక్క పట్టుకుని నన్నే చూస్తున్నారు. నన్ను కాదు, నా చేతిలో ఎర్ర పెన్నును.

నేను లేచి నిలబడ్డాను.

"మేడమ్ గారూ, ఎండాకాలం కుండలో నీళ్ళు చల్లగా ఉంటాయి కదండీ. వానాకాలం అదే కుండలో అంత చల్లబడవెందుకండి? మట్టిలో తేడానా అండి?"

మేడమ్ గడియారం చూశారు. ముప్పై తొమ్మిది. సందేహ నివృత్తి.

"మట్టిలో తేడా కాదు తాతబ్బాయి గారూ, గాలిలో తేడా," అన్నారు.

ఇక ఆవిడ ఆగలేదు. బోర్డు మీద కుండ గీశారు. కుండకు కంటికి కనపడని రంధ్రాలుంటాయని, వాటిలోంచి నీరు పైకి చెమర్చి ఆవిరైపోతూ లోపలి నీళ్ళ వేడిని లాక్కుపోతుందని చెప్పారు. ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది, దాహంతో ఉన్నట్టు తాగేస్తుంది. వానాకాలం గాలి అప్పటికే తడి తాగి కడుపు నిండి ఉంటుంది. ఇంక దానికి చోటేది? అందుకని చెమర్చిన నీరు ఆవిరి కాదు, వేడి బయటకు పోదు. వానాకాలం ఉతికిన బట్టలు ఎందుకు ఆరవో కుండ ఎందుకు చల్లబడదో రెండింటికీ కారణం ఒకటే. కుండ చేసినవాడి తప్పేమీ లేదు.

ఆ అయిదు నిమిషాలూ ఆవిడ ఫారం వైపు చూడలేదు. నలభై నాలుగో నిమిషంలో పన్నెండు మందీ తలలూపారు. శిక్షణలో ఊపినట్టు ఒకేసారి కాదు, ఒకరి తర్వాత ఒకరు. సభ్యుల్లో ఒకాయన "మా ఇంట్లోనూ అంతే" అనేసి నోరు మూసుకున్నారు. కిటికీ అవతల సైకిల్ స్టాండులోంచి, "అయితే మట్టిది కాదన్న మాట" అని ఒక గొంతు వినిపించింది. అది క్లాసు బయట కాబట్టి నేను రాయలేదు.

బెల్లు కొట్టాక అధ్యక్షుడు నన్ను పిలిచారు. "విచలనం ఎంత?"

"సున్నా అండి."

ప్రిన్సిపాలు గారు లేచారు. "అదెలా? నువ్వు మాట్లాడావు కదయ్యా."

"ఆయ్, మాట్లాడేనండి. రాద్దామనే చూశానండి. నాకు గడి లేదండి."

అధ్యక్షుడు ఫారం తీసుకుని కళ్ళజోడు సవరించుకున్నారు. "ఇతను అధ్యాపకుడా?"

"కాదండి," అన్నారు ప్రిన్సిపాలు గారు.

"విద్యార్థా?"

"కాదండి."

"ఆ పదిహేడో నంబరు కుర్రాడు ప్రణాళికలో లేని మాట ఏమైనా పలికాడా?"

"అసలు ఏ మాటా పలకలేదండి."

"ముప్పై ఎనిమిదో నిమిషంలో సందేహం వెలిబుచ్చబడింది. నలభై మూడు లోపు నివృత్తి అయింది. నలభై నాలుగులో అవగతమైంది," అని అధ్యక్షుడు ఒక్కో గడి మీదా వేలు పెట్టి చదివారు. "సున్నాయే. అభినందనలు."

నెల తిరక్కుండా నివేదిక వచ్చింది. దాంతో పాటు హైమావతి మేడమ్‌కు మరో ఏడాది పునర్నియామకపు ఉత్తర్వు కూడా వచ్చింది. మేడమ్ ఆ కాగితం మడిచి పర్సులో పెట్టుకుంటూ, "తాతబ్బాయి గారూ, ఆ ప్రశ్న మీరు నిజంగానే అడిగారా, నా కోసం అడిగారా?" అన్నారు.

"రెండూనండి," అన్నాను.

నివేదిక రెండో పేజీలో నా సంగతి ఉంది. 'విద్యార్థులలో ఎవరికిని సందేహములు లేకపోవుట హర్షణీయము. అయితే బోధనేతర సిబ్బందిలో విషయావగాహనా లోపము గమనించబడినది. తక్షణమే సవరించవలెను.'

ప్రిన్సిపాలు గారు తక్షణమే సవరించారు. నన్ను బి.ఎస్సీ మొదటి సంవత్సరంలో చేర్చుకుంటూ ఉత్తర్వు ఇచ్చారు. రోల్ నంబరు అరవై ఒకటి.

"నేను ఇంటరు చదవలేదండి," అన్నాను.

"ఆ ప్రస్తావన నివేదికలో లేదు."

"నాకిప్పుడు యాభై నాలుగండి."

"అదీ లేదు. ఇకమీదట నువ్వు విద్యార్థివి కాబట్టి నీకు గడి ఉంది. నీ సందేహాలు ముందుగా రాసి ఇయ్యి."

కాలపరిశీలకుడి ఉద్యోగం ఖాళీ అయింది. విద్యార్థులకూ భాగస్వామ్యం ఉండాలని శిక్షణలో చెప్పారట. అయితే అట్ట పట్టుకున్నవాళ్ళను ఆ పీరియడులో విద్యార్థిగా లెక్కించకూడదట. ఫిజిక్సు క్లాసుకు ఎవరిని పెట్టమంటారని అడిగితే హైమావతి మేడమ్ ఏమాత్రం ఆలోచించకుండా నూకరత్నం పేరు చెప్పారు. ఆ పిల్ల అట్ట, గడియారం నా దగ్గర అందుకుని, ఫారం తిప్పి చూసి, "బాబాయ్, ఇందులో నాకు గడి లేదే," అంది. "లేదమ్మా," అన్నాను. ఆ పిల్ల మళ్ళీ ఒకసారి చూసుకుని, నవ్వకుండా అట్ట చంకలో పెట్టుకుంది.

ఆ సాయంత్రం వీరవేణి తులసికోట దగ్గర దీపం పెడుతుంటే ఉత్తర్వు చదివి వినిపించాను.

"అయితే రేపట్నుంచి కాలేజీకి చదువుకోడానికి వెళ్తారా?"

"వెళ్ళాలి కదా."

"క్యారేజీ అదేనా, మారుద్దా?"

"క్యారేజీ అదే."

ఆవిడ వత్తి ఎగదోసి, గాలికి ఆరకుండా చెయ్యి అడ్డం పెట్టింది. "మరి మీ చదువు గురించి దణ్ణం పెట్టుకోవాలి కదండీ. ఏమని పెట్టుకోను? మీకు అర్థమవ్వాలనా, నలభై నాలుగో నిమిషం దాకా అర్థం కాకూడదనా?"

ప్రిన్సిపాలు గారిని అడిగి చెబుతానన్నాను. ఆవిడ అందాకా ఆగలేదు. కళ్ళు మూసుకుని తనకు తోచినట్టు దణ్ణం పెట్టేసుకుంది. ఏమని పెట్టుకున్నావని నేను అడగలేదు.